యుద్ధానికి పట్టాలెందుకు?

2024 నవంబరులో ఝార్ఖండ్ శాసనసభ ఎన్నికల వార్తల కోసం జంషెడ్‌పూర్ వెళ్లినప్పుడు సిద్ధగోరాలో ఒక తెలుగు కుటుంబం ఇంట దిగాను. మూడు తరాల కిందట శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి, ఇక్కడే స్థిరపడిన కుటుంబం అది. ఇంటి పెద్దాయనకు ఎనభై దాటాయి. అభ్యర్థుల గురించి, పొత్తుల గురించి నేను అడిగిన ప్రశ్నలకు ఓపికగా జవాబులు చెప్పిన తరువాత, ఆయన నన్నొక ప్రశ్న అడిగారు. "మా తాత పట్టాల మిల్లులో కూలీ బాబూ. ఆ పట్టాలు యుద్ధానికి వెళ్లాయని మా నాన్న చెప్పేవాడు. యుద్ధానికి తుపాకులు కదా వెళ్లాలి, పట్టాలెందుకు?"

ఆ రాత్రి నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా రాసుకున్న జవాబు.

అధికారికమైన జవాబు ఒకటి ఆ నగరం పేరులోనే ఉంది. 1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చికి వచ్చి, జంషెట్‌జీ టాటా స్మృతిచిహ్నంగా ఆ ఊరు ఇకపై జంషెడ్‌పూర్ అని ప్రకటించాడు. కాళీమాటి రైల్వే స్టేషన్ టాటానగర్ అయింది. టాటా కంపెనీ పట్టాలు అందించకపోయి ఉంటే మెసపటేమియాలోనూ, ఈజిప్టు, పాలస్తీనా, తూర్పు ఆఫ్రికాలలోనూ ప్రభుత్వం గతి ఏమై ఉండేదో ఊహించడమే కష్టమన్నది ఆనాటి ప్రసంగ సారాంశం. సాక్చిలో తొలి ఉక్కు దిమ్మె తయారైంది 1912 ఫిబ్రవరిలో. రెండున్నరేళ్లు తిరిగేసరికి ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధకాలంలో ఆ కర్మాగారం నుంచి సుమారు 1,500 మైళ్ల పట్టాలు, 3 లక్షల టన్నుల ఉక్కు సామగ్రి యుద్ధరంగాలకు చేరాయని చెబుతారు.

పేరు మార్పు ఆ మేలుకు సామ్రాజ్యం చెప్పిన కృతజ్ఞత. అదే వైస్రాయ్ ప్రభుత్వం మూడు నెలలు గడవకముందే, మార్చి 18న, రౌలట్ చట్టాన్ని ఆమోదింపజేసుకున్నదన్న సంగతి కూడా పక్కనే రాసి పెట్టుకోవాలి. కర్మాగారానికి దక్కిన కృతజ్ఞత ప్రజలకు దక్కలేదు.

అయితే పెద్దాయన అడిగింది వైస్రాయ్ గురించి కాదు. పట్టాల అవసరం ఏమిటని అడిగారు. దానికి జవాబు రాజధానులలో దొరకదు. కందకంలోకి దిగి చూడాలి.

కందకంలో ఒక రోజు

1914 సెప్టెంబరు చివర లాహోర్ డివిజన్, అక్టోబరులో మీరట్ డివిజన్ భారత సైనికులు ఫ్రాన్సులోని మార్సే రేవులో దిగారు. అక్టోబరులోనే వారిని ఫ్లాండర్స్ యుద్ధరేఖ మీదికి పంపారు. చాలామంది ఒంటిమీద ఉన్నవి మన ఎండలకు కుట్టిన పలచని ఖాకీ బట్టలు. చలికోట్లు, ఉన్ని దుస్తులు వాయిదాల మీద వచ్చాయి. చలి మాత్రం వాయిదాల మీద రాలేదు.

కందకాన్ని తిన్నగా తవ్వరు. వంకరటింకరగా, మలుపులు మలుపులుగా తవ్వుతారు. తిన్నగా ఉంటే ఒక చివర చొరబడిన శత్రువు వరుసనంతటినీ కాల్చగలడు. ఒక గుండు పేలితే దాని తునకలు చివరిదాకా దూసుకుపోతాయి. ముందు వరుస వెనుక ఆసరా వరుస, దాని వెనుక విశ్రాంతి వరుస, వీటిని కలుపుతూ సందుల వంటి కాలువలు. ఫ్లాండర్స్‌లో రెండు మూడు అడుగులు తవ్వేసరికే నీరు ఊరుతుంది. కనుక లోతుకు వెళ్లలేని చోట ఇసుక బస్తాలు పేర్చి గోడ లేపాలి. అడుగున చెక్కపలకలు పరచాలి. ఆ పలకలు బురదలో కూరుకుపోతే వాటి మీద మళ్లీ పరచాలి.

దినచర్య తలకిందులుగా ఉంటుంది. తెల్లవారకముందే అందరూ తుపాకులకు బాయొనెట్లు బిగించి అడ్డుగట్టు దగ్గర నిలబడాలి. దాడులు ఎక్కువగా మసక వెలుతురులో జరుగుతాయి. సాయంత్రం పొద్దుగుంకే వేళా అదే పని. పగలు తల ఎత్తితే ప్రాణం దక్కదు. అందువల్ల పగలు దొరికినంత సేపు నిద్ర, తుపాకి శుభ్రం చేసుకోవడం, బట్టల్లో పేలు చూసుకోవడం. చీకటి పడ్డాక అసలు పని మొదలవుతుంది. కూలిన గోడ కట్టడం, ముళ్లతీగ పరచడం, నీళ్లు, తిండి, మందుగుండు వీపున మోసుకురావడం, గాయపడినవారిని వెనక్కి చేర్చడం, చచ్చినవారిని పూడ్చడం లేదా దహనం చేయడం. తాగే నీరు తరచుగా పెట్రోలు డబ్బాలలో వచ్చేది. నోట్లో పోసుకుంటే నీటికంటే ముందు పెట్రోలు వాసన తగిలేది.

రెండు శత్రువులు రాత్రింబవళ్లు కందకంలోనే ఉండేవి. ఒకటి నీరు. గంటల తరబడి చన్నీటిలో నిలబడితే పాదాలకు రక్తం సరిగా అందదు. పాదం మొద్దుబారుతుంది, ఉబ్బుతుంది, రంగు మారుతుంది, అశ్రద్ధ చేస్తే కుళ్లి తీసివేయవలసి వస్తుంది. దీనికి ట్రెంచ్ ఫుట్ అని పేరు పెట్టారు. మందు అంటూ పెద్దగా లేదు. పొడి మేజోళ్లు, తిమింగిలం నూనెతో మర్దన, రోజూ పాదాలు పరీక్షించే అధికారి. ఒకరి పాదాలు ఒకరు చూసుకునే ఏర్పాటు చేసిన దళాలలో వ్యాధి తగ్గింది. రెండోది చీరపేలు. బట్టల కుట్లలో దాగి ఉండేవి. కొవ్వొత్తి మంటను కుట్ల వెంట నడిపి వాటిని మాడ్చేవారు. లక్షలమందిని మంచం పట్టించిన ట్రెంచ్ జ్వరం ఈ పేల వల్లనే వస్తున్నదని తేలేసరికి 1918 వచ్చింది, యుద్ధం ముగింపుకు వచ్చింది.

భారత సిపాయికి నిర్ణయించిన రోజు తిండి లెక్క కాగితం మీద ఇది: గోధుమపిండి ఒకటిన్నర పౌన్లు, పప్పు 4 ఔన్సులు, నెయ్యి 2 ఔన్సులు, బెల్లం 1 ఔన్సు, మాంసం పావు పౌను, కొద్దిగా బంగాళాదుంపలు, తేయాకు, ఉప్పు, మిరప, పసుపు, అల్లం, వెల్లుల్లి. మేకలను కోయడంలో హిందువుల పద్ధతి హిందువులది, ముస్లింల పద్ధతి ముస్లింలది. ముందు వరుసలో పొయ్యి వెలిగిస్తే పొగ చూసి ఫిరంగి గురి పెడతారు. కనుక రొట్టెలు వెనుకెక్కడో కాల్చి, చీకట్లో మోసుకొచ్చి పంచేవారు. అవి చేతికి వచ్చేసరికి చల్లారి గట్టిపడేవి. ఆ రొట్టెలు కాల్చిన వంటవాడు, నీళ్లు మోసిన భిస్తీ, పారిశుధ్యం చూసిన మనిషి సైన్యపు పద్దుల్లో 'అనుచరులు' మాత్రమే. వారి జీతం సిపాయి జీతంకన్నా తక్కువ. సిపాయి జీతమే నెలకు 11 రూపాయలు.

చేతిబాంబుల కొరతను కూడా ఆ డబ్బాల లోకంలోనే తీర్చుకున్నారు. ఖాళీ జామ్ డబ్బాల్లో మందుగుండు కూరి, వత్తి పెట్టి బాంబులు తయారుచేశారు. ముళ్లతీగను తెగ్గొట్టే పేలుడు గొట్టం మాత్రం యుద్ధానికి ముందే మన పొరుగున పుట్టింది. 1912లో బెంగళూరులో మద్రాస్ శాపర్స్ దళానికి చెందిన కెప్టెన్ మక్లింటాక్ రూపొందించిన ఆ సాధనాన్ని నేటికీ 'బెంగళూరు టార్పెడో' అనే పిలుస్తున్నారు. తమిళులతో పాటు తెలుగువారూ పనిచేసిన దళం అది.

ఉత్తరం, చేతి గాయం

తిండి తరువాత సిపాయి ఎదురుచూసింది ఉత్తరం కోసం. బ్రిటిష్ సైనికుడికి సెలవు దొరికితే ఛానెల్ దాటి ఇంటికి వెళ్లేవాడు. భారత సిపాయికి ఇల్లు సముద్రాల అవతల ఉంది. చదువు రాని వారే ఎక్కువ కనుక ఉత్తరం మరొకరితో రాయించుకోవాలి. రాసిన దాన్ని ప్రభుత్వం తెరిచి చదివేది. ఫ్రాన్సులో భారతీయుల ఉత్తరాలను తనిఖీ చేయడానికే ప్రత్యేక కార్యాలయం వెలిసింది. సిపాయిలకు ఆ సంగతి తెలుసు. అందుకే మిరియాలు, మిరపకాయల భాష పుట్టింది. నల్ల మిరియాలంటే భారతీయులు, ఎర్ర మిరపకాయలంటే తెల్లవారు. నల్ల మిరియాలు అయిపోవస్తున్నాయని ఇంటికి రాస్తే, ఇక్కడికి ఇంకెవరినీ పంపకండని అర్థం. తనిఖీదారులకూ ఆ భాష త్వరలోనే అర్థమైంది. ఆ ఉత్తరాల అనువాదాలు ప్రభుత్వ దస్త్రాల్లో భద్రంగా మిగలడానికి కారణం అదే. నిఘా కోసం చేసిన పని చరిత్రకు ఉపయోగపడింది.

1914 శీతకాలంలో మరో అనుమానం మొదలైంది. చేతికి గాయమైన సిపాయిలు ఎక్కువమంది ఆసుపత్రులకు వస్తున్నారు, వీరు తమంతట తామే కాల్చుకుంటున్నారని అధికారులు భావించారు. కోర్టు మార్షళ్లు జరిగాయి. 1915లో బ్రైటన్‌లోని కిచనర్ ఆసుపత్రి అధిపతి కర్నల్ బ్రూస్ సీటన్ వెయ్యి గాయాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, ఆ అనుమానానికి ఆధారం లేదని నివేదించాడు. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. కందకంలో నిలిచిన మనిషి శరీరంలో అడ్డుగట్టు పైకి లేచేవి తల, చేతులు. తలకు తగిలినవాడు ఆసుపత్రి దాకా రాడు. కందకపు బతుకు ఎలా ఉంటుందో ఊహించని కళ్లకు ఆ గాయం పిరికితనంగా కనిపించింది.

పట్టాలు లేని చోట

1915 చివర భారత పదాతిదళాలను ఫ్రాన్సు నుంచి మెసపటేమియాకు, అంటే నేటి ఇరాక్‌కు మళ్లించారు. పెద్దాయన ప్రశ్నకు జవాబు ఉన్నది అక్కడే.

ఫ్రాన్సులో కందకం ఎంత నరకమైనా, దాని వెనుక కొన్ని మైళ్ల దూరంలో రైలు ఉంది. రోడ్డు ఉంది. రైలు పిండిని తెచ్చింది, గాయపడినవారిని తీసుకెళ్లింది. మెసపటేమియాలో ఉన్నది టైగ్రిస్ నది మాత్రమే. బస్రా నుంచి పైకి వెళ్లే ప్రతి గింజా, ప్రతి కట్టుగుడ్డా ఆ నది మీద పడవల్లో వెళ్లాలి. పడవలు చాలవు. రేవులు లేవు. ఆ కొరతతోనే ఆరో డివిజన్‌ను బగ్దాదు వైపు నడిపించారు. 1915 నవంబరులో టెసిఫన్ దగ్గర దెబ్బ తిని, జనరల్ టౌన్‌షెండ్ సేన కుట్ అల్ అమారా పట్టణానికి వెనుదిరిగింది. డిసెంబరు 7న ముట్టడి మొదలైంది. 147 రోజులు సాగింది.

టెసిఫన్ క్షతగాత్రులను ఉత్త చెక్క నేల మీద, పరుపులు లేకుండా, మరుగుదొడ్లు లేకుండా పడవల్లో కుక్కి రోజుల తరబడి బస్రాకు తెచ్చారు. ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు మేజర్ కార్టర్ ఆ పడవలలో ఒకదాని స్థితిని కళ్లారా చూసి ఉన్నది ఉన్నట్టు రాశాడు. పై అధికారులు ఆయనను గదమాయించారు, ఉద్యోగం ఊడుతుందని బెదిరించారు. ఆయన తగ్గలేదు.

కుట్ లోపల ఆకలి ఒక విచిత్రమైన పాఠం చెప్పింది. బ్రిటిష్ సైనికులు గుర్రపు మాంసం తిన్నారు. తెల్ల పిండి రొట్టె తిన్నారు. వారికి బెరిబెరి పట్టుకుంది. భారత సిపాయిలలో అధికులు గుర్రపు మాంసం ముట్టలేదు. ఊళ్లో బంధువులకు, కులానికి ఏం జవాబు చెప్పాలన్నది వారి భయం. వారు ముతక గోధుమపిండి తిన్నారు కనుక బెరిబెరి రాలేదు. కూరగాయలూ మాంసమూ లేక స్కర్వీ వచ్చింది. చిగుళ్లు వాచి, పాత గాయాలు తిరిగి విచ్చుకుని మనుషులు కూలారు. బ్రిటిష్ వారికి ముతక పిండి ఇవ్వగానే బెరిబెరి తగ్గింది. గుర్రపు మాంసం తినవచ్చునని మత పెద్దల అనుమతులు భారతదేశం నుంచి తెప్పించారు. చాలామంది తినడానికి ఒప్పుకునేసరికి ఏప్రిల్ వచ్చింది.

కుట్‌ను విడిపించడానికి దిగువ నుంచి బయలుదేరిన సేనలోనూ భారతీయులే ఎక్కువ. హన్నా, సన్నాయాత్ కందకాలలో వారు శత్రువుతోనూ, వసంతకాలపు టైగ్రిస్ వరదతోనూ ఒకేసారి పోరాడారు. ఆ ప్రయత్నంలో చనిపోయినవారు, గాయపడినవారు కలిసి 23 వేల దాకా ఉంటారు. లోపల ఉన్నవారు అంతకన్నా తక్కువ. విమానాల నుంచి పిండి మూటలు జారవిడిచారు. జుల్నార్ అనే ఓడలో 270 టన్నుల ఆహారం నింపి చీకట్లో పంపారు. అది దారిలోనే చిక్కుకుపోయింది. 1916 ఏప్రిల్ 29న కుట్ లొంగిపోయింది. పట్టుబడ్డ సుమారు 13 వేలమందిలో అత్యధికులు భారతీయులు, వారిలో మూడు వేలకు పైగా ఆ 'అనుచరులే'. బతికిన బందీలలో చాలామందిని రాస్ అల్ అయిన్‌కు తరలించి బగ్దాదు రైల్వే పనిలో పెట్టారు. తమ సేనకు పట్టాలు లేక బందీలైన మనుషులు శత్రువు పట్టాల కోసం మట్టి మోశారు.

ఆ తరువాతే ప్రభుత్వం మేలుకుంది. బస్రాలో రేవులు కట్టారు, పడవలు తెచ్చారు, భారతదేశంలోని రైలు మార్గాల నుంచే పట్టాలు, ఇంజన్లు, సిబ్బంది మెసపటేమియాకు వెళ్లారు. 1916 చివరికి బస్రా నుంచి నాసిరియాకు రైలు నడిచింది. సాక్చి పట్టాల విలువ అక్కడ తెలిసింది. 1917 మార్చిలో బగ్దాదు స్వాధీనమైంది. తిండి, నీరు, మందు అందిన సేన, అందని సేన ఒకటి కావని రుజువు కావడానికి ఒక డివిజన్ మొత్తం బలి కావలసి వచ్చింది. నీటి విషయంలో మాత్రం ప్రకృతి ఎవరికీ మినహాయింపు ఇవ్వలేదు. బగ్దాదును గెలిచిన జనరల్ మాడ్ అదే సంవత్సరం నవంబరులో అదే నగరంలో కలరాతో చనిపోయాడు.

మేజోడు నుంచి మంత్రి పదవి దాకా

రాజకీయాలు రాసేవాడిగా నన్ను ఆకర్షించే ఘట్టం దీని తరువాతది. మేజర్ కార్టర్ వంటి వారి సాక్ష్యాలతో లండన్‌లో మెసపటేమియా కమిషన్ కూర్చుంది. 1917 జూన్‌లో నివేదిక వెలువడింది. భారత ప్రభుత్వం పొదుపు పేరిట, అలసత్వం వల్ల సైనికులను ఎలా గాలికి వదిలేసిందో అందులో ఉంది. జులైలో భారత మంత్రి ఆస్టెన్ చాంబర్లేన్ రాజీనామా చేశాడు. ఆ స్థానంలోకి ఎడ్విన్ మాంటేగు వచ్చాడు. 1917 ఆగస్టు 20న బాధ్యతాయుత ప్రభుత్వాన్ని క్రమంగా ఏర్పరచడమే బ్రిటిష్ విధానమన్న ప్రకటన ఆయన నోట వెలువడింది.

మన పాఠ్యపుస్తకాలలో మాంటేగు ప్రకటన ఉంటుంది. దాని వెనుక హోంరూల్ ఉద్యమం, లక్నో ఒప్పందం ఉంటాయి. అవి ఉండవలసిందే. కాని మాంటేగును ఆ కుర్చీలోకి తెచ్చిన తక్షణ కారణాలలో కట్టుగుడ్డ లేని గాయం, మురికి పడవ, ఖాళీ పిండి బస్తా ఉన్నాయన్నది ఎక్కడా కనిపించదు. కందకంలో మనిషి ఏం తిన్నాడు, ఏ నీళ్లు తాగాడు అన్నవి సైనిక వివరాలనుకుని దాటవేస్తాం. అవి పరిపాలనకు సంబంధించిన ప్రశ్నలు. ఎవరి ప్రాణానికి ఎంత ఖర్చు పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించుకుందో అవి చెబుతాయి.

ఖనిజం ఇచ్చిన కొండలు

సిద్ధగోరాలో బిర్సా ముండా పేరిట టౌన్ హాల్ ఉంది. ఆ పేరు చూసినప్పుడు ఈ కథలో మిగిలిన భాగం గుర్తుకు రావాలి. 1900లో బిర్సా రాంచీ జైలులో మరణించాడు. పదిహేడేళ్లు గడిచాక అదే ఛోటానాగపూర్ కొండల నుంచి ముండా, ఉరాఁవ్, హో, సంతాల్ యువకులను లేబర్ కోర్ పేరిట ఫ్రాన్సుకు తీసుకెళ్లారు. భారతదేశం నుంచి వెళ్లిన దాదాపు 50 వేల కూలీలలో రాంచీ కంపెనీలు, సంతాల్ కంపెనీలు ప్రత్యేకంగా ఉన్నాయి. రేవుల్లో సరుకు దించడం, అడవి నరకడం, రాళ్లు కొట్టడం, రోడ్లు వేయడం, కందకాలు తవ్వడం వారి పని. చేతిలో తుపాకి లేదు. శీతకాలపు చలి, న్యుమోనియా వారిని ఎక్కువగా తీసుకుపోయాయి.

అందరూ ఇష్టపడి వెళ్లలేదు. జంషెడ్‌పూర్‌కు దక్షిణాన ఆనుకొని ఉన్న మయూర్‌భంజ్ సంస్థానంలో 1917లో సంతాలులు ఈ కూలీల సమీకరణకు వ్యతిరేకంగా తిరగబడ్డారు. బలప్రయోగంతో ఆ తిరుగుబాటును అణచివేశారు. టాటా కర్మాగారానికి తొలి ఇనుప ఖనిజం ఇచ్చిన గొరుమహిసాని కొండ ఉన్నదీ ఆ మయూర్‌భంజ్‌లోనే. 1904లో భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ ఆ కొండ గురించి జంషెట్‌జీకి రాసిన లేఖతోనే సాక్చి కథ మొదలైంది. ఆ కొండ ఖనిజం పట్టాలుగా మారి యుద్ధానికి వెళ్లింది. ఆ కొండల మనుషులను కూలీలుగా యుద్ధానికి రమ్మన్నారు. ఖనిజం ఎదురు చెప్పలేదు, మనుషులు చెప్పారు.

లెక్కలు కూడా ఇదే చెబుతాయి. యుద్ధకాలంలో పంజాబు నుంచి మూడున్నర లక్షలమంది పోరాట సైనికులుగా చేరారు. బీహారు-ఒరిస్సా రాష్ట్రం నుంచి సైనికులుగా చేరినవారు ఎనిమిదిన్నర వేలు, కూలీలుగా, అనుచరులుగా చేరినవారు దాదాపు 33 వేలు. మద్రాసు రాష్ట్రం నుంచి సైనికులు 51 వేలు, ఇతరులు 41 వేలు. మన తెలుగువారిది ఇందులో మరో రకమైన కథ. 18, 19 శతాబ్దాలలో కంపెనీ యుద్ధాలన్నిటిలో పోరాడిన తెలుగు సిపాయిలను, 'యుద్ధ జాతుల' సిద్ధాంతం వచ్చాక పనికిరానివారన్నారు. 1880లలో మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్ దొర ఆ సిద్ధాంతానికి గట్టి ప్రచారకుడు. మనుషుల కొరత రాగానే ఆ సిద్ధాంతం సడలింది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం నుంచి అప్పుడు వెళ్లినవారి వారసత్వమే ఆ ఊరికి మిలిటరీ మాధవరమన్న పేరు తెచ్చింది. ఎవరు వీరుడు, ఎవరు కూలీ అన్నది రక్తం వల్ల నిర్ణయం కాలేదు. చేర్చుకునే అధికారి అవసరాన్ని బట్టి నిర్ణయమైంది.

పేరు లేని వరుసలు

యుద్ధంలో విదేశాలకు వెళ్లిన భారతీయులు పది లక్షలకు పైగా. తిరిగి రానివారు సుమారు 74 వేలు. ఫ్రాన్సులో న్యూవ్ షాపెల్ దగ్గర 1927లో కట్టిన స్మారకం మీద 4,700 పైచిలుకు భారతీయుల పేర్లున్నాయి. బస్రా స్మారకం దగ్గరకు వచ్చేసరికి అధికారుల పేర్లు చెక్కి, సిపాయిలను రెజిమెంటు పేరు కింద ఒక అంకెగా మిగిల్చారు. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021 ఏప్రిల్‌లో తన తప్పును తానే ఒప్పుకుంది. భారతీయులు, ఆఫ్రికన్లు, ఈజిప్షియన్లతో కలిపి 45 వేల నుంచి 54 వేలమందిని తక్కువ చేసి స్మరించామనీ, కనీసం 1,16,000 మందికి పేరుతో స్మరణే దక్కలేదనీ ఆ నివేదిక అంగీకరించింది. వందేళ్ల తరువాత వచ్చిన క్షమాపణను తీసుకోవడానికి ఎవరూ మిగలలేదు.

ఇదంతా పాత కథ అనుకునే అవకాశం మనకు లేదు. ఉక్రెయిన్‌లో మళ్లీ వందల మైళ్ల కందకాలు తవ్వారు. 2023 చివరి నుంచి తెలంగాణ, కర్ణాటక, గుజరాత్ వంటి రాష్ట్రాల యువకులను 'సెక్యూరిటీ సహాయకుల' ఉద్యోగమని నమ్మించి ఏజెంట్లు రష్యా సైన్యంలోకి పంపారు. 2024 మార్చిలో హైదరాబాద్ యువకుడొకడు ఆ యుద్ధరేఖ మీద మరణించాడు. అదే నెలలో సీబీఐ కేసు పెట్టింది. జులైలో ప్రధాని మాస్కోలో ఈ విషయం లేవనెత్తాక కొందరు తిరిగి రాగలిగారు. వారు చేసిన పనుల్లో కందకాలు తవ్వడం ఒకటి. నాటి 'అనుచరుడు', నేటి 'సహాయకుడు'. వంద సంవత్సరాలలో మాట మారింది, పార మారలేదు.

యుద్ధం వద్దా కావాలా అన్న చర్చ టీవీ స్టూడియోలలో వేడిగా సాగుతుంది. ఆ చర్చలో క్షిపణుల దూరం చెబుతారు, విమానాల ధర చెబుతారు. మంచు కొండ మీద కాపలా ఉన్న జవానుకు మేజోళ్లు ఎన్ని జతలు ఇస్తున్నారు, సైన్యానికి సామాను మోసే పోర్టరుకు ప్రమాదం జరిగితే బీమా ఎంత, విదేశీ సైన్యానికి మనిషిని అమ్మిన ఏజెంటుకు శిక్ష పడిందా అన్న ప్రశ్నలు ఎవరూ అడగరు. కుట్ నేర్పిన పాఠం ఇదే. ఆ ప్రశ్నలను అధికారులకు వదిలేస్తే జవాబు ముట్టడి రోజున తెలుస్తుంది.

సిద్ధగోరా నుంచి తిరిగి వచ్చాక, ఈ మధ్య ఆ పెద్దాయనకు ఫోన్ చేసి ఈ సంగతులన్నీ క్లుప్తంగా చెప్పాను. కందకంలో మనిషికి రొట్టె చేరాలంటే పట్టాలు కావాలని, పట్టాలు లేని చోట ఒక సైన్యం పస్తులతో లొంగిపోయిందని చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "అయితే మా తాత పంపింది అన్నమేనన్నమాట బాబూ" అన్నారు.

కొంతవరకు నిజమే. ఆ పట్టాల మీద ఫిరంగిగుండ్లు కూడా వెళ్లాయని ఆయనకు చెప్పవలసి వచ్చింది.